ఐదో ఆకు

బిల్లు చేతికొస్తే మహిపాల్ అందరిలా మొత్తమెంతయిందో అని అడుగున చూడడు. పైనుంచి ఒక్కో వరుసా చదువుకుంటూ కిందికి దిగుతాడు. సోమాజిగూడలో ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా అతని కొలువే అది. ఆసుపత్రులు పంపే బిల్లుల్లో వాడని మందులు, తొడుక్కోని గ్లౌజులు, పడుకోని రోజులకు వేసిన మంచం కిరాయిలు ఏరి కొట్టేయాలి. మంచి పనిమంతుడని పేరు. కాకపోతే ఆఫీసు పనిని ఆఫీసులో వదిలి రావడం మాత్రం అతనికి ఏనాడూ చేతకాలేదు. ఆటోవాడైనా, పాలవాడైనా, ఫంక్షన్ హాలువాడైనా అతని ముందు లెక్క అప్పజెప్పాల్సిందే. "ఈయనతోని బజారుకు పోతే కొనేది గోరంత, కొట్లాడేది కొండంత" అని భార్య సుష్మిత నలుగురిలో నవ్వుతూ చెప్పేది. ఏడాదిగా ఆ మాట అనడం మానేసింది.

ఎందుకు మానేసిందో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఏడాది కిందట మహిపాల్ తల్లి చిలకమ్మ పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కన్నుమూసింది. గుండె ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ఐసీయూ నుంచి గదికి కూడా మార్చారు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రివాళ్లు అప్పటివరకైన బిల్లు తెచ్చిచ్చారు. కరపత్రంలో వేసిన ప్యాకేజీ ధర ఒకటి, కాగితం మీద వేసింది ఒకటి. మహిపాల్ ఊరుకుంటాడా? కిందికి దిగి, బిల్లింగ్ కౌంటర్ ముందు రెండున్నర గంటలు కూర్చుని, వరుస వరుసకూ జవాబు చెప్పించి, చివరికి గెలిచాడు. తగ్గించిన బిల్లు చేతిలో పట్టుకుని నాలుగో అంతస్తుకు వచ్చేసరికి తల్లి లేదు. సైలెంట్‌లో ఉన్న ఫోనులో తండ్రి చేసిన కాల్స్ పదకొండు ఉన్నాయి.

తండ్రి రాజనర్సయ్య దాని గురించి ఆనాడూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. పరామర్శకు వచ్చిన చుట్టాలు కొడుకు దగ్గరున్నాడా అని అడిగితే, అందరం ఉన్నమని చెప్పి మాట మార్చేవాడు. తిట్టినా, కొట్టినా మహిపాల్ ప్రాణం కుదుటపడేదేమో. ఏడాదిగా అతడు ఆ తిట్టు కోసమే కాచుకుని ఉన్నాడు. నాయినకు తన మీద కోపం ఉన్నదా లేదా? అదొక్కటి తెలిస్తే చాలుననుకునేవాడు. ఇతరుల బిల్లులో పది రూపాయల తేడాను పట్టుకుని నిలదీసే మనిషికి, పక్క గదిలో ఉన్న తండ్రిని ఆ ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు.

సంవత్సరీకం వచ్చింది. పొద్దున యూసుఫ్‌గూడలోని అద్దె ఇంట్లో అయ్యగారిని పిలిచి బియ్యం, కూరగాయలు, పంచె ఇచ్చారు. మేడ మీద పిట్టకు ముద్ద పెట్టారు. కాకి కోసం చాలాసేపు చూశారు. కాకి రాలేదు గానీ పావురాలు దిగి గింజ మిగల్చకుండా తినేశాయి. ఏ పిట్టయినా పిట్టేనంటూ రాజనర్సయ్య మెట్లు దిగి వచ్చాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటకు అందరూ నివ్వెరపోయారు. మధ్యాహ్నం భోజనం ఇంట్లో వద్దట. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో ఉన్న భోజన హోటల్‌కు పోవాలట. పెద్దల దినంనాడు బయట తింటారా మామయ్యా, నలుగురూ ఏమంటారని సుష్మిత మెల్లగా అడ్డు చెప్పింది. ఆయన వినలేదు. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని చేసిన రోజుల్లో జీతం వచ్చిన మొదటి ఆదివారం ఆయన భార్యను ఆ హోటల్‌కే తీసుకుపోయేవాడు. ముప్పై ఏళ్లు ఒక్క నెలా తప్పలేదు. నెలకు ఆ ఒక్క పూటే చిలకమ్మ ఒకరు వండి వడ్డిస్తే కూర్చుని తినేది. "ఇంట్ల వంట ఆమెకు పని. తిండి అంటె ఆడనే" అన్నాడు రాజనర్సయ్య. ఇక ఎవరూ ఎదురు చెప్పలేదు.

మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఆటో వాళ్లను సందు మొగలో దించేసరికి ఒంటిగంట దాటింది. గోడల నిండా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లు, రోడ్డు నిండా బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. హోటల్ ముందు పెయింటుతో రాసిన బోర్డు ఉంది. భోజనం 160 రూపాయలు, ఎంత తిన్నా అదే ధర. మహిపాల్ దాన్ని చదివాడని వేరే చెప్పాలా?

లోపల గోడ పక్కన ఆరుగురు పట్టే టేబుల్ దొరికింది. మహిపాల్, సుష్మిత, తొమ్మిదో తరగతి చదివే వాళ్ల కూతురు రవళి, రాజనర్సయ్య కూర్చున్నారు. వడ్డించే బుచ్చిబాబు యాభై దాటిన మనిషి. నాలుగు అరిటాకులు పరిచి వెళ్లబోతుంటే రాజనర్సయ్య తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ ముందు ఇంకొకటి వెయ్యమన్నాడు. ఇంకెవరైనా వస్తున్నారా అని బుచ్చిబాబు అడిగాడు.

"వచ్చింది. వెయ్యి" అన్నాడు రాజనర్సయ్య.

బుచ్చిబాబు ఆయన మొహం ఒకసారి చూసి, ఐదో ఆకు వేసి, నీళ్లు చిలకరించాడు. ఆ హోటల్‌లో లెక్క ఆకుల మీదే. మనుషులు లేస్తుంటారు, కూర్చుంటుంటారు, పక్క టేబుల్‌కు మారుతుంటారు. ఆకులు మారవు. అందుకని ఆకు వెయ్యగానే వడ్డించేవాళ్లు గల్లాపెట్టె వైపు కేక వేస్తారు, అక్కడ రాసుకుంటారు. "మూడో టేబులు, ఐదాకులు" అని బుచ్చిబాబు కేక వేశాడు.

ముందు ఆ ఆకులో వడ్డించాకే మిగతా ఆకుల్లో వడ్డించనిచ్చాడు రాజనర్సయ్య. ముద్దపప్పు కొంచెం ఎక్కువ వెయ్యమన్నాడు, గోంగూర మీదికి ఉల్లిపాయ ముక్క అడిగి పెట్టించాడు, పెరుగు గట్టిగా ఉన్నది తెమ్మన్నాడు. రవళి తనంత తానే నీళ్ల గ్లాసు ఆ ఆకు పక్కకు జరిపింది. తాత మనవరాలి తల మీద చెయ్యి వేశాడు. తర్వాత నలుగురూ తిన్నారు. ఏడాదిగా నాలుగు మెతుకులు కొరికి లేచిపోయే మనిషి ఆ పూట మారు అడిగి మరీ తినడం మహిపాల్ చూశాడు. చూసి సంతోషించాడు కూడా.

ఆ సంతోషం బిల్లు వచ్చేదాకానే.

భోజనం ఐదు, ఒక్కొక్కటి నూట తొంభై. మహిపాల్ కళ్లు ఆ నూట తొంభై దగ్గర ఆగిపోయాయి. చెయ్యి కడుక్కుని నేరుగా గల్లాపెట్టె దగ్గరికి నడిచాడు. అక్కడ కూర్చున్నాయన పేరు రాఘవయ్య. గోదావరి జిల్లా మనిషి, హోటల్‌ను పాత యజమాని దగ్గర తీసుకుని రెండేళ్లయింది. మహిపాల్ బోర్డు సంగతి అడిగాడు. రాఘవయ్య చాలా ఓపికగానే చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి ధర పెంచారట, గ్యాసూ నూనే మండిపోతున్నాయట, పెయింటర్ ఇవాళా రేపూ అంటూ రావడం లేదట. అందరూ ఇదే ఇస్తున్నారండీ అని కూడా అన్నాడు.

"అందరు ఇస్తే అప్పుడది ధర అయితదా సార్? బయట నూట అరవై అని పిలిచి లోపల నూట తొంభై అంటే ఎట్ల?" అన్నాడు మహిపాల్. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ గొంతు పెంచడు, అదే అతని బలం. వెనక బిల్లు కట్టడానికి నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు తమ దగ్గర కూడా నూట తొంభై తీసుకున్నారని అందుకున్నారు. నాలుగు టేబుళ్ల వాళ్లు తలలు తిప్పి చూశారు.

న్యాయం మహిపాల్ వైపే ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి. రాఘవయ్య కూడా కాసేపు నసిగి, చివరికి తప్పు మాదే బాబూ అని ఒప్పుకున్నాడు. నూట తొంభై కొట్టేసి నూట అరవై వేశాడు. ఆ బోర్డు మీద ఏదైనా కాగితం అంటించి రమ్మని లోపలికి కేకేసి చెప్పాడు. వెనక కుర్రాళ్లు మహిపాల్ వైపు మెచ్చుకోలుగా చూశారు. అక్కడితో డబ్బిచ్చి బయటపడి ఉంటే ఎంత బాగుండేది! కానీ పరుగెత్తే ఎద్దుకు గట్టు కనపడదు. ఒకటి గెలిచిన ఊపులో అతని వేలు బిల్లు మీద రెండో అంకె దగ్గరికి దానంతట అదే జరిగింది.

ఐదు కాదు, నలుగురమే తిన్నామన్నాడు. మూడో టేబుల్‌కు ఐదాకులు పడ్డాయండి, మా దగ్గర ఆకు లెక్క అని రాఘవయ్య చిట్టీ చూపించాడు.

"ఆకు వేస్తే అయిపోతదా సార్? అక్కడ ఎవ్వరు కూసోలేదు. ఖాళీ కుర్చీకి సుత బిల్లేస్తరా?"

నోరు జారిందని తర్వాత అతను తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా అది నిజం కాదు. ఆ ఆకు ఎవరిదో అతనికి తెలుసు. అరగంట దాని ఎదురుగా కూర్చునే తిన్నాడు. పద్దెనిమిదేళ్లుగా లేని మనుషుల పేరున, జరగని వైద్యాల పేరున పడిన బిల్లులు కొట్టేసిన అలవాటు, తల్లి ఆకు దగ్గరికి వచ్చేసరికి కూడా ఆగలేదు.

గల్లాపెట్టె పక్కనే చేతులు కడుక్కునే పంపు ఉంది. అక్కడ రాజనర్సయ్య నిలబడి ఉన్నాడు. పంపు కట్టేశాడు గానీ చేతులు తుడుచుకోలేదు. వేళ్ల చివరి నుంచి నీళ్లు కారుతున్నాయి. మహిపాల్ తల తిప్పి చూశాడు. అయిపోయిందనుకున్నాడు.

బుచ్చిబాబు వచ్చి, ఆ ఆకు పెద్దాయన అడిగి వేయించుకున్నారండి అని చిన్నగా చెప్పాడు. రాఘవయ్య రాజనర్సయ్య వైపు చూసి, ఆకు ఎవరికండీ అని అడిగాడు.

"మా ఇంటామెకు. ఇయ్యాలటికి ఏడాది" అన్నాడు రాజనర్సయ్య.

రాఘవయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎంత పొరపాటు, ముందే ఒక్క మాట చెప్పాల్సిందండీ అంటూ కలం తీసి బిల్లులో ఐదును కొట్టేశాడు. "పెద్దల ఆకుకి డబ్బు తీసుకుంటే మాకు మంచిది కాదండి. ఆవిడ మా హోటల్‌కి వచ్చి తిన్నారనుకుంటాం" అని చేతులు జోడించాడు.

ఇంకొకరైతే ఆ మర్యాదకు కరిగిపోయేవారు. రాజనర్సయ్య తల అడ్డంగా ఊపాడు. రాఘవయ్య మీద ఆయనకు కోపమేమీ లేదు, ఆ మాట కూడా చెప్పాడు. "నువ్వు మంచిగనే అంటున్నవయ్యా. కాని పైసలు తీసుకోకుంటె అది నువ్వు పెట్టిన అన్నమైతది. ఆమె కూలికి పోయిననాడు సుత ఒకరి సొమ్ము తినలే. ఏడాది దినంనాడు నేనామెకు ధర్మపు బువ్వ తినిపియ్యాలెనా?"

ఈయన తీసుకోనంటాడు, ఆయన తీసుకోమంటాడు. ఇద్దరి మాటా ధర్మమే, ఇద్దరి భయమూ నిజమే. మధ్యలో మహిపాల్ నిలబడి ఉన్నాడు. కావలసింది దక్కింది కదా! రెండు వాదాలూ గెలిచాడు. ఆసుపత్రిలోనూ ఇలాగే గెలిచాడు. ఆ రోజు లిఫ్టులో పైకి వస్తున్నప్పుడు చేతిలో కాగితం ఎంత బరువులేనిదిగా అనిపించిందో అతనికి గుర్తొచ్చింది.

"మీరూ మీరూ మాట్లాడుకుని చెప్పండి. నలుగురంటే నలుగురు, ఐదుగురంటే ఐదుగురు. మీరేది చెబితే అది రాస్తాను" అని రాఘవయ్య కూర్చున్నాడు. తిరకాసు వ్యవహారం తన మీది నుంచి తీసి సరైన చోటే పెట్టాడు.

రాజనర్సయ్య టేబుల్ దగ్గరికి తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. గల్లాపెట్టె దగ్గర మాటలు సుష్మితకు వినపడ్డాయి. ఆమె భర్త మొహం చూడలేదు, రవళిని తీసుకుని బయటికి వెళ్లింది. మహిపాల్ వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. తిన్న ఆకులు నాలుగూ తీసేశారు. ఐదో ఆకు అలాగే ఉంది. పప్పు మీద నెయ్యి పేరుకుంది.

"నాయినా, నా మీద కోపమున్నదా?" అన్నాడు మహిపాల్. ఏడాది పట్టింది ఆ నాలుగు మాటలకు.

రాజనర్సయ్య ఆకు అంచు మీద పడ్డ మెతుకును వేలితో లోపలికి జరిపాడు. తర్వాత ఆ ఆకుతో చెబుతున్నట్లే మొదలుపెట్టాడు.

"ఆ దినం మీ అమ్మ నిన్ను మూడుసార్లు అడిగింది. మొదటిసారి అడిగితె కిందికి పోయిండు, వస్తడన్న. రెండోసారి అడిగితె లిఫ్టు కాడ ఉన్నడన్న. నీకు ఫోన్ చేస్తనే ఉన్న. నర్సమ్మలు ఉరుకొచ్చి ఏదో సూది ఇస్తున్నరు. మూడోసారి అడిగేసరికి ఆమెకు సూపు ఆనుతలేదు. ఏం చెయ్యాలె నేను? వచ్చిండు, నీ కాళ్ల కాడనే కూసున్నడు అన్న."

మహిపాల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏడి, నా కాళ్లు పట్టుకోమను అన్నది. నేనే పోయి పట్టుకున్న. నీ చేతులేంది బిడ్డా గింత సల్లగున్నయి, తిన్నవా లేదా అన్నది. నోరు తెరిస్తె నా గొంతు గుర్తువడతది. అందుకని మాట్లాడలే. గట్టిగ ఒత్తిన. గంతే, మళ్ల అడగలే."

హోటల్‌లో చప్పుళ్లు మామూలుగానే ఉన్నాయి. ఎవరో సాంబారు అడుగుతున్నారు. రెండో టేబుల్‌కు మూడాకులని బుచ్చిబాబు కేక వేశాడు. మహిపాల్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నలభై నాలుగేళ్ల మనిషి, పదిమందీ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. తల్లి కాళ్లు తాను పట్టుకోలేదు. భార్య కాళ్లు భర్త ముట్టుకోకూడదనే ఇంట్లో పుట్టి పెరిగిన తండ్రి, కొడుకు పరువు కోసం, ఆమె ప్రాణం నెమ్మదిగా పోవడం కోసం, కొడుకై కూర్చుని పట్టుకున్నాడు. పట్టుకుని ఏడాది పాటు ఆ సంగతి ఒక్కడే మోశాడు.

రాజనర్సయ్య కొడుకు ఏడుపు ఆపమనలేదు. కొంచెం ఆగాక అన్నాడు. "కోపమెందుకురా? ఆమె లెక్కల నువ్వున్నవు. నువ్వు కూసున్నవనుకునే పోయింది. కూసోలేదని నేనెట్లంట?"

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటేనే మహిపాల్‌కు బాగుండేది. గల్లాపెట్టె దగ్గర తానన్న మాట ఒక్కసారి చెవుల్లో మళ్లీ వినపడింది. సిగ్గుతో అతని మొహం మండింది. అతను లేచాడు. తండ్రి పక్క నుంచి, ఖాళీ కుర్చీ పక్క నుంచి నడిచాడు. దానికి చెయ్యి తగలకుండా తప్పుకుని నడవడం సుష్మిత గుమ్మంలోంచి చూసింది.

రాఘవయ్య కలం చేతిలోకి తీసుకున్నాడు. బిల్లు మీద కొట్టేసిన ఐదు పక్కన జాగా ఖాళీగా ఉంది. ఎంతమందని రాయమంటారు బాబూ అని అడిగాడు. మహిపాల్ ఆ ఖాళీ జాగా మీద వేలు పెట్టాడు.

"ఐదుగురం సార్. మా అమ్మ సుత తిన్నది."

రాఘవయ్య ఐదు అని రాశాడు.